బొమ్మ ముందు నిలబడి ఏమి చూడాలి? బొమ్మ వేయడానికి ఏది ముందు నేర్చుకోవాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు దొరికితే ఎగ్మోర్ మ్యూజియానికీ, చోళమండలం అనే చిత్రకారుల గ్రామానికీ వెళ్తున్నారు. ఎంత సేపు నిలబడి చూసినా "బాగుంది" తప్ప మరో మాట తోచడం లేదు. ఈ మధ్యే ఒక స్కెచ్ పుస్తకం కూడా కొన్నారు. కళకు ఏడు మూలాంశాలని, అవి గీత, ఆకారం, ఘనరూపం, వెలుగునీడ, రంగు, స్పర్శ, స్థలం అని ఎక్కడో చదివారు. వీటిని వరుసగా నేర్చుకోవాలా, ఇవి తెలిస్తే బొమ్మ చూడటం వస్తుందా, నేరుగా రంగులతో మొదలుపెడితే తప్పా అని అడిగారు. చివర్లో టాబ్లెట్ మీద నేర్చుకోవచ్చా అన్న ప్రశ్న కూడా ఉంది.

సూటిగా చెబుతాను. ఏడింటినీ కంఠస్థం చేయనక్కర లేదు. చూసేటప్పుడు ఒకే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బొమ్మలో పెత్తనం ఎవరిది? గీతదా, వెలుగునీడదా, ఖాళీదా, రంగుదా? మంచి బొమ్మలో వీటిలో ఏదో ఒకటి ముందుండి నడుపుతుంది, మిగిలినవి దాని చెప్పుచేతల్లో ఉంటాయి. ఆ పెత్తందారును పట్టుకున్నారంటే "బాగుంది" తర్వాతి మాట దానంతట అదే వస్తుంది. బొమ్మ వేసేటప్పుడు మాత్రం ఒక వరుస ఉంది. ముందు వెలుగునీడ, దాని వెంట గీత, ఖాళీ, రంగు చిట్టచివర.

ఇది పుస్తకాల పాండిత్యం కాదు, పనివాడి మాట. నేను కోడంబాక్కంలో చేత్తో సినిమా బ్యానర్లు వేసే ఒక కంపెనీలో పని నేర్చుకున్నాను. తర్వాత తెలుగు వారపత్రికలకు కథల బొమ్మలు వేశాను. ఇప్పుడు వడపళనిలో శని, ఆదివారాలు పెద్దవాళ్లకు క్లాసులు చెబుతున్నాను. మీలాంటి ఉద్యోగస్తులే ఎక్కువగా వస్తారు.

ముందుగా ఆ "ఏడు" సంగతి. అది వేదం కాదు. అమెరికాలో ఆర్థర్ వెస్లీ డో అనే ఉపాధ్యాయుడు 1899లో వేసిన పాఠ్యపుస్తకంలో మూడే చెప్పాడు: గీత, చీకటివెలుగుల పొందిక, రంగు. మన వైపు వాత్స్యాయనుడి కామసూత్రాలకు వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రకళకు ఆరు అంగాలన్నాడు: రూపభేదం (రూపాల మధ్య తేడా), ప్రమాణం (కొలత), భావం, లావణ్యయోజనం (సొగసు చేర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగుల వాడకం). ఇందులో గీత పేరే విడిగా లేదు, భావం మాత్రం ఉంది. ఎవరి పాఠానికి తగ్గట్టు వాళ్లు లెక్క పెట్టుకున్నారు. నా పాఠానికి నాలుగు చాలు. మీరు చదివిన ఏడులో స్థలాన్నే నేను ఖాళీ అంటున్నాను, ఘనరూపం వెలుగునీడలోంచి పుడుతుంది, ఆకారం గీతలోంచో ఖాళీలోంచో పుడుతుంది, స్పర్శ గురించి తర్వాత రెండు మాటలు చెబుతాను.

వెలుగునీడ ఎందుకు ముందు?

బ్యానర్ కంపెనీలో పని ఎలా జరిగేదో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేతిలో హీరో ఫొటో. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీస్తారు. గుడ్డ మీద అవే గళ్లు, అదే లెక్కలో పెద్దవిగా. గీతతో ముఖం అచ్చు దించాక మేస్త్రీ మొదట ముట్టుకునేది ముదురు రంగునే. కనుబొమ్మల కింద, ముక్కు పక్కన, కింది పెదవి కింద, మెడ మీద గడ్డం నీడ. ఆ నాలుగు చోట్లా చీకటి సరిగ్గా పడితే ముఖం సగం వచ్చేసినట్టే. ఆ తర్వాత మేస్త్రీకి ఏ రంగు చేతికి అందితే అది. చెంప మీద గులాబీ, దవడ మీద ఆకుపచ్చ, నుదుటి పక్కన నీలం. దగ్గర నుంచి చూస్తే ఎవరో రంగు డబ్బాలు ఒలకబోసినట్టు ఉంటుంది. మౌంట్ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తే మాత్రం మీకు తెలిసిన హీరోనే, కళ్లలో కోపంతో సహా. ముఖానికి ఆకుపచ్చ పూసినా మనం గుర్తు పడతాం. వెలుగునీడ ఒక్కచోట తప్పితే మాత్రం రంగు ఎంత సహజంగా ఉన్నా వాళ్ల తమ్ముడిలా కనిపిస్తాడు.

దీనికి కారణం మన కంటిలోనే ఉంది. రూపాన్ని, అంచులను, సన్నని వివరాలను మనం ప్రధానంగా వెలుగు తేడాల ద్వారానే పట్టుకుంటాం. రంగు విషయంలో కన్ను అంత నిశితం కాదు. ఇది మీ వృత్తిలో వాళ్లకు నాకంటే బాగా తెలియాలి. జేపెగ్ ఫొటోల్లోనూ, వీడియోల్లోనూ సామాన్యంగా వెలుగు వివరాన్ని ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగు వివరాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున దాస్తారు. మనం సినిమా అంతా చూసి కూడా ఆ లోటు కనిపెట్టం. బ్యానర్ మేస్త్రీలు ఈ సంగతిని కుంచెతో కనిపెట్టారు.

సాధన కూడా చెబుతాను. ఒక కోడిగుడ్డు తీసుకుని, తెల్ల కాగితం మీద, కిటికీ పక్కన పెట్టండి. ట్యూబ్‌లైట్లు అన్నీ ఆర్పేయండి. రెండు మూడు వైపుల నుంచి వెలుగు పడితే నీడలు కలగాపులగం అవుతాయి. ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. కిటికీ వైపు అన్నిటికంటే తెల్లగా ఒక మచ్చ. అక్కడి నుంచి వెలుగు మెల్లగా తగ్గుతూ వస్తుంది. గుడ్డు వంపు తిరిగే చోట ఒక ముదురు పట్టీ. చాలామంది గుడ్డు అంచే అన్నిటికంటే చీకటి అనుకుంటారు, కానీ ఆ పట్టీ దాటాక అంచు దగ్గర మళ్లీ కాస్త తేటగా ఉంటుంది. కింద ఉన్న తెల్ల కాగితం మీద పడిన వెలుగు తిరిగి గుడ్డు అడుగుకు తగులుతోంది కాబట్టి అలా కనిపిస్తుంది. చివరిగా కాగితం మీద పడిన నీడ. అది గుడ్డు ఆనుకున్న చోట బాగా నల్లగా, సన్నగా మొదలై, దూరం పోయేకొద్దీ పలచబడి అంచు చెదురుతుంది. ఇంత చూశాక మెత్తగా, నల్లగా పడే 4బి పెన్సిల్‌తో వేయండి, చుట్టూ గీత గీయకుండా. ఇక్కడ కొత్తవాళ్లందరూ చేసే పని ఒకటుంది. అడుగున కనిపించిన ఆ తేట వెలుగు ముచ్చటగా ఉందని దాన్ని కిటికీ వైపు ఉన్నంత తెల్లగా వదిలేస్తారు. అప్పుడు గుడ్డు కాస్తా రేకు డబ్బా అవుతుంది. నీడ వైపున ఉన్న ఏ వెలుగూ వెలుగు వైపున ఉన్న నీడకంటే తెల్లగా ఉండదు. దాదాపు ఎప్పుడూ ఇంతే. ఈ ఒక్క వాక్యం మీ చేతికి ఎక్కితే ఘనరూపం అనే పాఠం వేరే అక్కర లేదు.

చూడటానికి వస్తే, మహాబలిపురం వెళ్లినప్పుడు అర్జునుడి తపస్సు అని పిలిచే ఆ పెద్ద బండ ముందు కాసేపు ఎక్కువ ఉండండి. కొందరు దాన్ని గంగావతరణం అంటారు. అది తూర్పు ముఖంగా ఉంది. పొద్దున్నే ఎండ నేరుగా కొట్టినప్పుడు ఏనుగులు, మునులు, దేవతలు అందరూ కాస్త చదునుగా, బండకు అతుక్కుని కనిపిస్తారు. పొద్దెక్కి వెలుగు పైనుంచి జారేటప్పటికి ప్రతి బొమ్మ కిందా నీడ చేరి, అవే రూపాలు బయటికి పొడుచుకొస్తాయి. రాయి అదే, ఉలిదెబ్బ అదే. చాలామంది ఎండ ముదరక ముందే ఫొటోలు దిగి ఇడ్లీకి వెళ్లిపోతారు.

గీత

లోకంలో గీతలు లేవు. మీ చెంపకూ వెనక గోడకూ మధ్య ఎవరూ నల్ల గీత గీయలేదు. గీత అనేది బొమ్మ వేసేవాడికీ చూసేవాడికీ మధ్య ఒప్పందం. ఆ ఒప్పందం మీద ఎంత బరువు మోపవచ్చో చూడాలంటే మన తెలుగువాళ్లు దూరం పోనక్కర లేదు. బాపు బొమ్మ ఒకటి తీసుకోండి. నీడలు ఉండవు, ఉన్నా పేరుకే. జడ, నడుము, చీర కుచ్చెళ్లు అన్నీ గీతలే. ఆ గీత ఒకే లావున నడవదు. బరువు పడే చోట లావవుతుంది, తిరిగే చోట సన్నబడుతుంది, కొన్నిచోట్ల తెగిపోయి మళ్లీ అందుకుంటుంది. తెగిన చోట మన కన్నే పూరిస్తుంది. ఇక్కడ పెత్తనం పూర్తిగా గీతది. రంగు వేసినా అది అలంకారమే, తీసేస్తే బొమ్మకు నష్టం లేదు. దాని పక్కన వడ్డాది పాపయ్య బొమ్మ పెట్టండి. వపా బొమ్మను నలుపు తెలుపులో అచ్చు వేస్తే సగం ప్రాణం పోతుంది. అక్కడ రంగే నడిపిస్తుంది, గీత దానికి ఊడిగం చేస్తుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నా క్లాసులో ఏటా ఒక తగాదా జరుగుతుంది. ఇద్దరి పెత్తందారులు వేరని చెప్పి నేను తప్పుకుంటాను.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో ఒక శ్లోకం ఉంది. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారు, విచక్షణులు వర్తనను, అంటే ఛాయ తీర్చడాన్ని మెచ్చుకుంటారు, స్త్రీలు ఆభరణాలు కోరతారు, మిగతా జనం రంగుల జోరును ఇష్టపడతారు అని. ఆడవాళ్ల మీద ఆ విసురును పక్కన పెట్టండి. నా క్లాసులో కిరీటాలు, నగలు వేస్తామని మారాం చేసేది మగవాళ్లే. గీతను అందరికంటే ముందు పెట్టడం మాత్రం గమనించండి. గీత మీద ఆ గురి మద్రాసు చిత్రకారుల్లోనూ కనిపిస్తుంది. కె.సి.ఎస్. పణిక్కర్ ఇక్కడి ఆర్ట్స్ స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉంటూ, 1966లో తన శిష్యులతో కలిసి చోళమండలాన్ని స్థాపించారు. 1960ల నుంచి ఆయన వేసిన "పదాలు, చిహ్నాలు" వరుస బొమ్మల్లో అక్షరాల్లాంటివి, జాతకచక్రాల్లాంటివి, లెక్కల్లాంటివి కిక్కిరిసి ఉంటాయి. అవి చదవడానికి వేసినవి కావు. మీరు అక్కడికి వెళ్లినా మాట తోచలేదని రాశారు కదా, బహుశా వీటి ముందే నిలబడి ఉంటారు. భాష రాని ఊళ్లో బోర్డు చూసినట్టు చూడండి. అర్థం అడ్డు రాకపోవడంతో గీత ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది, కన్ను ఎటు జారుతోంది అన్నవి బయటపడతాయి.

గీత సాధనకు నా సలహా ఒకటే: మణికట్టుతో కాదు, భుజంతో గీయండి. పెద్ద కాగితం, నిలబడి పని. మా క్లాసుకు మైలాపూర్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ మొదటి రోజు "నాకు గీత కూడా రాదండీ" అన్నారు. ధనుర్మాసంలో రోజూ తెల్లవారుజామున మెలికల ముగ్గు పెట్టే మనిషి! వేళ్ల మధ్య నుంచి పిండి ఒకే ధారగా వదులుతూ, చుక్కలను చుట్టుకుంటూ, చెయ్యి ఎత్తకుండా బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే గీత అది. ఆమెకు బొగ్గు ముక్క ఇచ్చి గోడకు కాగితం అంటించాను. మిగతా అందరికంటే ముందు కుదిరింది ఆమె చెయ్యే.

ఖాళీ

నా అనుభవంలో అందరూ అశ్రద్ధ చేసేది దీన్నే. బొమ్మ అంటే వస్తువు అనుకుంటాం, వస్తువు చుట్టూ మిగిలింది ఏదో మిగిలిపోయిందిలే అనుకుంటాం. కుర్చీ వేయమంటే నాలుగు కాళ్లూ, వీపూ వేస్తారు. కాళ్లు తలోవైపు పోతాయి. అదే మనిషిని "కుర్చీని వదిలేయ్, కాళ్ల మధ్య కనిపిస్తున్న గోడ ముక్కలను మాత్రం వేయ్" అనండి. కుర్చీ సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. కుర్చీ కాలు ఎలా ఉంటుందో మన బుర్రకు ముందే ఒక అభిప్రాయం ఉంది, ఆ అభిప్రాయమే చేతిని చెడగొడుతుంది. గోడ ముక్క గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చూస్తాం.

దీన్ని చూడటానికి ఎగ్మోర్ మ్యూజియంలో రెండు చోట్లు చెబుతాను. శుక్రవారం సెలవు, మరిచిపోకండి.

ఒకటి, కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువెంకాడు నుంచి వచ్చిన అర్ధనారీశ్వరుడు. చోళుల కాలపు పని, 11వ శతాబ్దిది. మొదట కళ్లు సగం మూసి, ముఖం, నగలు అన్నీ మాయం చేసి, నల్లటి ఆకారాన్ని మాత్రమే చూడండి. ఇప్పుడు కుడి అంచు మీదుగా పైనుంచి కిందికి దిగండి, మన కుడి కాదు, విగ్రహం కుడి. వెడల్పాటి భుజం, రెండు చేతులు, నడుము దగ్గర పెద్ద వంపు లేకుండా తొడ దాకా దిగే గీత. మళ్లీ పైకి వెళ్లి ఎడమ అంచు మీదుగా దిగండి. జారుగా ఉన్న భుజం, ఒకే చెయ్యి, లోపలికి నొక్కుకుపోయిన నడుము, వెంటనే బయటికి తిరిగిన తుంటి. మూడు చేతుల విగ్రహం ఇది. రెండు వైపులకూ పోలిక లేదు, అయినా తూకం తప్పలేదు. ఇప్పుడు ఖాళీలు చూడండి. ఎడమ చేతికీ నడుముకూ మధ్య మిగిలిన ఖాళీ ఆకారాన్ని, కుడి చేతుల మధ్య మిగిలిన ఖాళీలతో పోల్చండి. శిల్పి మైనంలో బొమ్మ చేస్తున్నప్పుడే ఆ ఖాళీలను కూడా చేశాడు. ఆడ, మగ అన్న తేడాను రొమ్ము, జటల కంటే ముందు ఈ అంచులూ, ఖాళీలే చెప్పేస్తాయి. పక్కనే ఉన్న నటరాజుల్లోనూ ఇదే వెతకండి, ముఖ్యంగా ఎత్తిన కాలికీ దాని మీదుగా వాలిన చేతికీ మధ్య. ఫ్రెంచి శిల్పి రోడా ఈ మ్యూజియంలోని నటరాజు ఫొటోలు చూసి మురిసిపోయి ఒక వ్యాసమే రాశాడు. మనం టికెట్ కొనుక్కుని అసలునే చూడవచ్చు.

రెండోది అమరావతి శిల్పాలు. మన గుంటూరు సీమ నుంచి పోయిన సున్నపురాతి పలకలు. మద్రాసులో ఉన్న తెలుగువాడికి వాటి ముందు గొంతు కాస్త పట్టేస్తుంది, అది వేరే కథ. అక్కడ నలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసుకునే ఘట్టం ఉన్న గుండ్రటి పలక వెతకండి. కంచు విగ్రహాల దగ్గర ఖాళీకి ఎంత విలువ ఉందో ఇక్కడ అంత కరువు. వేలెడు చోటు వదల్లేదు. ఒక పక్క మదమెక్కిన ఏనుగు, కాళ్ల కింద, తొండానికి చిక్కి మనుషులు, పారిపోయేవాళ్లు. పై కిటికీల్లోంచి తొంగిచూసే జనం. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ఒకే చట్రంలో ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ. గజిబిజిగా ఉన్న చోట గీతలన్నీ ఏటవాలుగా తలోవైపు లాగుతాయి, బుద్ధుడు ఉన్న వైపు నిలువు గీత వచ్చి కన్ను ఆగుతుంది. శాంతి అన్న భావాన్ని ముఖం మీద వెతకనక్కర లేదు, గీతల వాలు మారడంలోనే ఉంది. ఖాళీ లేకపోవడం ఇక్కడ లోపం కాదు, ఆ తొక్కిసలాటకు అదే కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్థలం అనే అంశం చెప్పేటప్పుడు చాలా పుస్తకాలు దూరం పోయే రైలు పట్టాల బొమ్మ వేసి, దూరం పోయేకొద్దీ వస్తువులను చిన్నవిగా చూపే పర్‌స్పెక్టివ్ దగ్గర ఆగిపోతాయి. అది 15వ శతాబ్దిలో ఫ్లోరెన్సులో కుదురుకున్న ఒక పద్ధతి. చాలా ఉపయోగం, నేర్చుకోండి కూడా. దానితో లేపాక్షి కప్పు మీది చిత్రాలను కొలిచి "వీళ్లకు లోతు చూపించడం రాదు" అని మాత్రం అనకండి. అక్కడా, కాళహస్తి కలంకారీలోనూ ఎవరు పెద్దగా ఉన్నారన్నది ఎవరు దగ్గరగా ఉన్నారన్నదాని మీద కాదు, కథలో ఎవరు ముఖ్యులన్నదాని మీద నడుస్తుంది.

స్పర్శ గురించి క్లుప్తంగా. రెండు రకాలు. చేతికి నిజంగా తగిలేది ఒకటి: తంజావూరు బొమ్మలో సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో ఉబ్బెత్తుగా చేసి పైన బంగారు రేకు అతికిస్తారే, అది. కంటికి మాత్రమే తగిలేది మరొకటి: చదును కాగితం మీద పట్టు మెరుపో, తాటి మట్ట గరుకో చూపించడం. రెండోది మళ్లీ వెలుగునీడ పనే. అందుకే విడిగా పాఠం చెప్పను.

రంగు చివరికి ఎందుకు?

రంగు మీద కోపం ఉండి కాదు. రంగు అనేది ఒక్కటి కాదు, మూడు. మన్సెల్ అనే అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు 1905లో దీన్ని చక్కగా విడదీసి పెట్టాడు: ఏ రంగు అన్నది ఒకటి, ఎంత ముదురు లేదా లేత అన్నది రెండు, ఎంత గాఢం లేదా మసక అన్నది మూడు. ఇందులో రెండోది మీరు గుడ్డు దగ్గర నేర్చుకున్న వెలుగునీడే. అది రాకుండా రంగు పట్టుకుంటే మూడు గుర్రాలూ ఒకేసారి పగ్గం తెంపుకుంటాయి. మీ రంగు బొమ్మను ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఎర్ర చీర, ఆకుపచ్చ తోట అని మీరు అంత హడావిడిగా వేసిన రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, బొమ్మ ఎందుకు తేలిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

ముగ్గులోనే చూడండి. అలికిన పేడ నేల మీద తెల్ల ముగ్గు ఎందుకు అంత నిండుగా ఉంటుంది? ముదురు నేల, తెల్ల పిండి. అదే ముగ్గు అపార్ట్‌మెంటు లిఫ్టు ముందు లేత బూడిద రంగు గచ్చు మీద పెడితే వెలవెలబోతుంది. చెన్నైలో చాలా ఇళ్ల ముందు ముగ్గు చుట్టూ ఎర్రమన్ను, అదే జాజు, పట్టీలా పూస్తారు గమనించారా? దానికి శుభం అన్న అర్థం ఉంది, సందేహం లేదు. దానితోపాటు తెలుపు పక్కన ఒక ముదురు రంగు చేరి ముగ్గు లేచి కూర్చుంటుంది.

పక్కపక్కన పెట్టినప్పుడు రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయి. 19వ శతాబ్దిలో పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో రంగుల అద్దకానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. అక్కడి నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే నలుపులో తప్పు లేదు. దాని పక్కన నేసిన రంగుల వల్ల అది అలా కనిపిస్తోంది. దాని మీద ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే వేశాడు. ఆ గ్రంథం చదవడం కంటే మీరు టి.నగర్‌లో కంచి పట్టు చీరల దుకాణంలో ఒక మధ్యాహ్నం కూర్చోవడం మేలు. ఒకే మామిడిపండు పసుపు చీర, ఒకదానికి ఆకుపచ్చ అంచు, మరొకదానికి వంగపండు అంచు. పసుపు రెండింటిలోనూ ఒకటే అని అమ్మేవాడు ప్రమాణం చేసినా మీరు నమ్మరు.

రంగు మొదలుపెట్టే రోజు వచ్చినప్పుడు పన్నెండు ట్యూబుల డబ్బా కొనకండి. వాటర్ కలర్‌లో రెండే కొనండి: బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ నీలం. మొదటిది ఎర్రటి గోధుమ, వేడి రంగు. రెండోది చల్లది. రెండూ కలిస్తే అందమైన బూడిద రంగులు, దాదాపు నలుపు కూడా వస్తాయి. ఈ రెండింటితో మన మెరీనా వేయవచ్చు, పాత ఇళ్లు వేయవచ్చు, మనుషుల ముఖాలు వేయవచ్చు. నీడ కోసం నల్ల ట్యూబు మాత్రం ముట్టుకోకండి. పసుపులో నలుపు కలిపి చూడండి, నీడ పసుపు రాదు, పాచి పట్టిన ఆకుపచ్చ వస్తుంది. మన ఊరి మిట్టమధ్యాహ్నపు ఎండలో గోడ మీద చెట్టు నీడ చూడండి, అందులో ఆకాశపు నీలం ఉంటుంది. నల్లటి నీడ బొమ్మల్లోనే చూశాను, వీధిలో చూడలేదు.

ఈ వరుసకు మినహాయింపులు ఉన్నాయి. చిన్నపిల్లలకు ఇది వర్తించదు. వాళ్ల చేతికి రంగులు ఇచ్చి పక్కకు తప్పుకోండి. చీరల డిజైనింగ్, అద్దకం పనుల నుంచి వచ్చినవాళ్లకు రంగు మీద అప్పటికే పట్టు ఉంటుంది, వాళ్లను గుడ్డు దగ్గర కూర్చోబెడితే విసుగొచ్చి మానేస్తారు. వాళ్లకు రంగు నుంచే వెనక్కి నడిపిస్తాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని చూపు మగవాళ్లలో మనం అనుకునేదానికంటే ఎక్కువ. అలాంటివాళ్లు నా దగ్గరికి మొహమాటంగా వస్తారు. వెలుగునీడ మీద వాళ్ల పట్టు చూసి మిగతావాళ్లు ఈర్ష్య పడతారు.

మరొక మాట. ఈ అంశాలన్నీ బొమ్మ ఎలా పని చేస్తోందో చెబుతాయి, ఎందుకు వేశారో చెప్పవు. అమరావతి పలక ముందు ఏటవాలు గీతలు లెక్కపెట్టి, అది ఏ జాతక కథో, ఎవరి స్తూపమో పట్టించుకోకపోతే అది కూడా గుడ్డితనమే. కాకపోతే కథ పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది. గీతల సంగతి ఎవరూ రాయరు, అందుకే ఇంత చెప్పాను. మ్యూజియంలో ఒక్క పూటకు మూడు వస్తువుల కంటే ఎక్కువ చూడకండి. చిన్న పుస్తకంలో ఒక్కొక్కదాన్నీ వేయండి, ఎంత వంకరగా వచ్చినా సరే. ఫొటో తీస్తే చూడటం అక్కడితో అయిపోతుంది, గీస్తే చూడక తప్పదు.

టాబ్లెట్ సంగతి. ఇంట్లో ఉంటే వాడుకోండి, దాని కోసం ఇప్పుడు డబ్బు పెట్టకండి. అందులో రెండు చిక్కులు ఉన్నాయి. జూమ్ చేసి కంటిరెప్ప మీద గంట గడుపుతారు, మొత్తం ముఖంలో వెలుగునీడ ఎక్కడ తప్పిందో కనిపించదు. రెండోది, తప్పు గీతను వెనక్కి తీసుకునే బటన్ చేతికి అలవాటైతే ఏ గీతా ధైర్యంగా పడదు. వాడేటట్టయితే ఒకే బ్రష్, నలుపు తెలుపు మాత్రమే, జూమ్ లేకుండా, మొదటి కొన్ని నెలలు. లేకపోతే 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, ఒక మెత్తటి రబ్బరు, కార్ట్రిడ్జ్ కాగితం, అంటే బొమ్మలకు వాడే మందపాటి కాగితం. పెద్ద షీట్లు విడిగా కొని నాలుగు ముక్కలుగా కోసుకుంటే స్కెచ్ పుస్తకం కంటే చౌక, పాడవుతుందేమో అన్న బెంగ కూడా ఉండదు. గుడ్డు వేశాక ఫొటో ఇక్కడ పెట్టండి, నీడలు ఎక్కడ సరిచేయాలో చెబుతాను.